నాన్న మందుల బిల్లు నెలకి 3,680. ముదల్వర్ మరుందగంలో (తమిళనాడు ప్రభుత్వం పెట్టిన చవక మందుల షాపు) కొంటున్నవాళ్లు ఉన్నారా?

అంబత్తూరు శీను · శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్తే. నాన్నకి 74 ఏళ్లు. ఇక్కడ చెన్నైలోని అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మీద 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. చిన్న కంపెనీ, చెప్పుకోదగ్గ పింఛనేం లేదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ నాలుగూ ఉన్నాయి. రోజుకి ఏడు రకాల మందులు. వీధి చివర మెడికల్ షాపులో నెలకి 3,680 అవుతోంది. పది శాతం తగ్గించి ఇచ్చాకే ఈ లెక్క.

ఆఫీసులో ఒక తమిళ ఫ్రెండ్ చెబితే మొన్న మొదటిసారి ముదల్వర్ మరుందగానికి వెళ్లాను. డాక్టర్ చీటీ, ఖాళీ స్ట్రిప్పులు రెండూ పట్టుకెళ్లా. ఏడింటిలో నాలుగు దొరికాయి. షుగర్ మాత్ర, బీపీ మాత్ర, కొలెస్ట్రాల్‌ది, గ్యాస్‌ది. బీపీది మేం వాడే కాంబినేషన్ (రెండు మందులూ ఒకే మాత్రలో ఉండేది) లేదని రెండు మందులూ విడివిడిగా ఇచ్చారు. బయట ఈ నాలుగింటికే 1,490 కట్టేవాళ్లం. అక్కడ 430 అయింది. బిల్లు రెండుసార్లు చూసుకున్నా.

ఇంటికొచ్చి టీపాయ్ మీద పోస్తే నాన్న ఒక్కో స్ట్రిప్పూ కళ్లద్దాలు పైకెత్తి తిప్పి తిప్పి చూశారు. "గవర్నమెంటు మాత్ర గవర్నమెంటు బస్సు లాంటిదిరా. వస్తుంది. ఎప్పుడొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేం" అన్నారు. వేసుకోనని అనలేదు గానీ పాతవి మాత్రం పారేయనివ్వలేదు.

మీలో ఎవరైనా కొన్ని నెలలుగా వాడుతున్నారా? ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు? నాణ్యత సంగతేంటి? మిగతా మూడు మందులూ ఎక్కడ చూడాలి?

వేలచ్చేరి పద్మ · శనివారం రాత్రి 10.15

శీనుగారూ, మా అత్తగారికి ఎనిమిది నెలలుగా అక్కడే కొంటున్నాను. బీపీ, షుగర్ రీడింగుల్లో తేడా ఏమీ రాలేదు. ముందు నెల, తర్వాత నెల రెండూ నోట్ చేసి పెట్టాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

కానీ మీ నాన్నగారి బస్సు మాట అక్షరాలా నిజం! ముప్పై మాత్రలు అడిగితే ఒక్కోసారి పది ఇచ్చి "మిగతావి సోమవారం రండమ్మా" అంటారు. మా దగ్గర షాపు నడిపేది ఒక బీఫార్మ్ చదివిన అమ్మాయి. మంచి పిల్ల. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎవరికి ఏ మందు ఏ తారీఖుకి కావాలో రాసుకుంటుంది. స్టాకొస్తే ఫోన్ చేస్తుంది. మీరూ అలా ముందే రాయించుకోండి. చివరి మాత్ర అయ్యాక వెళితే మాత్రం తిప్పలే.

కోడంబాక్కం కుర్రాడు · శనివారం రాత్రి 11.02

నన్ను తిట్టుకోకండి. 1,490 మందు 430కి వస్తోందంటే రెండే కారణాలుంటాయి. బయట వాళ్లు దోచుకుంటున్నారు, లేదంటే లోపల ఏదో తక్కువుంది. ఇడ్లీ 40 రూపాయల హోటల్ పక్కన 5 రూపాయల ఇడ్లీ అమ్మితే నేను ముందు సాంబార్ వాసన చూస్తా.

ఫార్మా మురళి · ఆదివారం ఉదయం 7.30

తమ్ముడూ, మీరు చెప్పిన మొదటి కారణమే చాలావరకు కరెక్టు. పదహారేళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నా, కాస్త వివరంగా చెబుతాను.

మందుకి రెండు పేర్లుంటాయి. స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు, బీపీకి టెల్మీసార్టాన్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ లాంటివి. మన దగ్గర అమ్ముడయ్యే వాటిలో చాలావాటికి పేటెంట్, అంటే ఒక్క కంపెనీయే చేసే హక్కు, ఎప్పుడో అయిపోయింది. అలా ఎవరైనా చేసుకోగల మందునే జెనరిక్ అంటారు. అంటే పేరున్న కంపెనీ అమ్మేదీ జెనరికే, పేరులేని కంపెనీ అమ్మేదీ జెనరికే. ఒకరు డాక్టర్ల దగ్గరికి రెప్‌లని (తమ మందే రాయమని తిరిగే కంపెనీ మనుషుల్ని) పంపుతారు, ఇంకొకరు పంపరు. ఆ రెప్ జీతం, బైకు పెట్రోలు, శాంపిల్స్, డైరీలు, పెన్నులు అన్నీ మీ స్ట్రిప్‌లోనే ఉంటాయి.

ఇంకో తమాషా ఉంది. రెప్‌లు లేకుండా నేరుగా షాపులకి వచ్చే జెనరిక్కుల మీద కూడా ఎమ్మార్పీ బ్రాండుకి దగ్గరగానే కొట్టి ఉంటుంది. గ్యాస్‌కి వాడే పాంటాప్రజోల్ స్ట్రిప్ మీద 90 చిల్లర ఉంటుంది, షాపుకి పది పన్నెండు రూపాయలకే పడుతుంది. షాపువాడు 50 శాతం తగ్గించి ఇస్తే మీరు దండం పెడతారు, వాడికి అప్పటికీ మూడింతలు మిగులుతుంది. మరుందగం బోర్డు మీద 75 శాతం దాకా తక్కువ అని ఉంటే అది మాయ కాదు. మధ్యలో కూర్చున్న ఆ లాభాన్ని తీసేశారు, అంతే.

కానీ ఒక చిక్కుంది. డాక్టర్ బ్రాండు పేరు రాస్తే, అదే మందు వేరే కంపెనీది నా అంతట నేను మార్చి ఇవ్వకూడదు. డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు అదే చెబుతుంది. ఆ మాటకొస్తే మరుందగంలోనూ చీటీ మీద అసలు పేరు ఉంటేనే పద్ధతి. స్ట్రిప్ చూసి ఇచ్చారంటే మీ మంచి కోసమే ఇచ్చారు గానీ డాక్టర్‌కి ఒక మాట చెప్పి మార్చడం మంచిది.

శీనూ, దొరకని ఆ మూడూ ఏంటో పేర్లు పెట్టు.

కోడంబాక్కం కుర్రాడు · ఆదివారం ఉదయం 10.48

మురళి అన్నా, లాభం సంగతి ఒప్పుకుంటా. నాణ్యత? 2025 సెప్టెంబర్, అక్టోబర్‌లలో దగ్గు సిరప్ తాగి మధ్యప్రదేశ్‌లో పిల్లలు చనిపోయారు. తయారైంది ఎక్కడో కాదు, మన పక్కన కాంచీపురం జిల్లాలోనే.

డాక్టరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 2.20

ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ దాన్ని ఇక్కడ వాదనకి తెచ్చారు కాబట్టి ఒకటి గమనించండి. అది పేరు పెట్టి అమ్మిన బ్రాండు సిరప్, ప్రభుత్వ షాపు మందు కాదు. తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్షిస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని తేలింది. అది కిడ్నీలని దెబ్బతీసే విషం. ఫ్యాక్టరీని సరిగ్గా తనిఖీ చెయ్యకపోవడం తప్పు, అందులో రాష్ట్రానిదీ పాపం ఉంది. అయితే ఆ తప్పుకీ ధరకీ సంబంధం లేదు. ఖరీదు ఎక్కువైతే శుభ్రంగా ఉంటుందన్న నమ్మకమే ప్రమాదం.

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో పదకొండేళ్లు చేశాను. అక్కడి మెట్‌ఫార్మిన్‌తోనే వేలమందికి షుగర్ అదుపులో పెట్టాం.

రాయపురం రమణమ్మ · ఆదివారం సాయంత్రం 5.05

మా మనవరాలు టైప్ చేస్తోంది, నేను చెబుతున్నా. మీరంతా షాపు షాపు అంటున్నారు, నాకు మందులు ఇంటికే వస్తాయి. తెల్ల కోటు వేసుకున్న ఒకమ్మాయి నెలకోసారి వస్తుంది. బీపీ చూస్తుంది, వేలు గుచ్చి షుగర్ చూస్తుంది, ఒక కార్డులో రాసి రెండు రకాల మాత్రలు చేతిలో పెట్టి పోతుంది. పైసా తీసుకోదు. నా మోకాళ్లతో మూడంతస్తులు దిగి ఆస్పత్రి లైన్లో నిలబడాలంటే నా వల్లయ్యే పనేనా? ఒకసారి కాఫీ ఇస్తే "పాటీ (అవ్వా), చక్కెర వేశారా?" అని అడిగింది. వేశాను. నాక్కూడా వేసుకున్నానని కనిపెట్టేసి తిట్టింది.

హోసూరు గోపి · ఆదివారం సాయంత్రం 6.31

రమణమ్మగారూ, అది మక్కళై తేడి మరుత్తువం, మందులు ఇంటికే తెచ్చిచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం. 2021 ఆగస్టు 5న స్టాలిన్ మొదలుపెట్టింది మా కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. 2024లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. మా వైపు తెలుగిళ్లు ఎక్కువ కదా, మా పిన్ని వాళ్లింటికొచ్చే అమ్మాయి తెలుగులోనే తిడుతుంది.

ఆడిటర్ బాబాయ్ · ఆదివారం రాత్రి 8.50

ఎలా ఇస్తున్నారు అని శీను అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను చూసిన కథ కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మద్రాసులో సహకార షాపుల సంగతి ఈనాటిది కాదు. ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ 1904లో పుట్టింది. మా చిన్నప్పుడు బియ్యం, పప్పు, తర్వాత్తర్వాత మందులు కూడా సొసైటీల్లోనే. 2014 జూన్‌లో జయలలిత ‘అమ్మ మరుందగాలు’ అనే మందుల షాపులు తెరిచారు. అక్కడ బ్రాండు మందుల మీదే కొంత శాతం తగ్గించేవాళ్లు. ముదల్వర్ మరుందగాలు 2025 ఫిబ్రవరి 24న ఒకేరోజు 1,000 తెరిచారు. ఇక్కడ ముఖ్యంగా జెనరిక్కులు. సొంతంగా పెట్టుకునే ఫార్మసీ పట్టభద్రులకి 3 లక్షల సబ్సిడీ, మిగతావి సహకార సంఘాలవి. పద్మ చెప్పిన నోట్‌బుక్ అమ్మాయి ఆ మొదటి రకం అయ్యుంటుంది.

అయితే వీటన్నిటికీ వెన్నెముక 1994లో పెట్టిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్. అంతకు ముందు ఆస్పత్రులు ఎవరికి వారు కొనుక్కునేవి. ఒకచోట మందు కుళ్లిపోయేది, ఇంకోచోట దొరికేది కాదు. పూర్ణలింగం అనే ఐఏఎస్ అధికారి ముందుండి దాన్ని మార్చారు. రాష్ట్రం మొత్తానికి ఒకే టెండర్, జిల్లాల్లో గోడౌన్లు. ప్రతి ఆస్పత్రికీ బ్యాంకు పాస్‌బుక్ లాంటిది ఒకటి ఇచ్చి, అందులో నీ వాటా ఇంత, తీసుకున్న మందు విలువ ఇంత అని రాసేవాళ్లు. నేను ఆడిటర్‌ని, నాకు నచ్చింది ఆ పాస్‌బుక్కే. వచ్చిన సరుకులోంచి శాంపిల్స్ తీసి, కంపెనీ పేరు కనపడకుండా చేసి ల్యాబ్‌కి పంపుతారు. ఆస్పత్రులకిచ్చే స్ట్రిప్ మీదే తమిళనాడు ప్రభుత్వానిదని, అమ్మకానికి కాదని అచ్చు వేయించారు. బయట అమ్ముకుంటే దొరికిపోతారు. రాజస్థాన్ 2011 అక్టోబర్ 2న ఉచిత మందుల పథకం పెట్టినప్పుడు చూసుకున్న నమూనా ఇదే.

కోట్ల మాత్రలు ఒకేసారి కొంటానంటే కంపెనీ దిగొస్తుంది. రంగనాథన్ స్ట్రీట్‌లో ఒక చీరకి ఒక ధర, పెళ్లికి నలభై చీరలంటే ఇంకో ధర. అంతకుమించి ఇందులో రహస్యం లేదు.

బెంగళూరు సుధ · సోమవారం ఉదయం 8.12

మద్రాసు వాళ్లని చూస్తే కుళ్లుగా ఉంది. ఇక్కడ మాకు దిక్కు జన ఔషధి అనే చవక మందుల షాపులు. కేంద్రం 2008లో మొదలుపెట్టింది, ఇప్పుడు ప్రతి పేటలో ఉంటోంది. అయితే 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం సర్కారీ ఆస్పత్రుల ఆవరణలో ఉన్న జన ఔషధి కేంద్రాలు మూసెయ్యమంది. ఆస్పత్రిలోనే మందులు ఉచితంగా ఇస్తున్నప్పుడు గుమ్మంలో అమ్మే షాపెందుకు అని వాళ్ల వాదన. వినడానికి సబబే. లోపల మందు లేనప్పుడు గుమ్మంలో షాపు కూడా లేకపోతే రోగి ఏం కావాలి? షాపులవాళ్లు హైకోర్టుకి వెళ్లి స్టే తెచ్చుకున్నారు. రాష్ట్రం బొమ్మ ఉండాలా, కేంద్రం బొమ్మ ఉండాలా అనే గొడవలో మా అమ్మ మాత్రం ఆటో కట్టించుకుని ఇంకో కేంద్రానికి వెళ్లొచ్చింది. ఆటోకి 140, మందులకి 96.

వడపళని మెడికల్స్ · సోమవారం మధ్యాహ్నం 3.40

ఇన్ని పోస్టులు చదివాక ఒక మాట అనాలనిపించింది. మా అన్నయ్యది, నాది కలిపి చిన్న షాపు. మమ్మల్ని దొంగల్లా చూడకండి. కేంద్రం ధర కట్టే జాబితాలో ఉన్న మందుల మీద షాపుకి వచ్చే మార్జిన్ 16 శాతం, బయటివాటి మీద 20. అందులోంచి అద్దె, కరెంటు, ఫ్రిజ్జు, ఫార్మసిస్టు జీతం. ఆన్‌లైన్ వాళ్లు 25 శాతం తగ్గిస్తున్నారని కస్టమర్లు మా దగ్గరా అడుగుతారు. నేను ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి? మురళిగారు చెప్పిన మూడింతల లాభం అన్ని షాపుల్లోనూ ఉండదు. మా ఏరియాలో డాక్టర్లు బ్రాండే రాస్తారు. జెనరిక్ పెడితే అడిగేవాళ్లు లేక షెల్ఫులో ఎక్స్‌పైరీ అయిపోతాయి. ఒక ఏడాది పెట్టి చూశాం.

రాత్రి పదిన్నరకి పిల్లాడికి జ్వరమొస్తే మీరు తలుపు కొట్టేది మా షాపే. మరుందగం అప్పటికి మూసేసి ఉంటుంది.

ఫార్మా మురళి · సోమవారం సాయంత్రం 6.05

వడపళని వారి బాధ నిజం. నేనూ జీతగాణ్ణే, షాపు ఓనర్ని కాదు. నేను అన్ని షాపులనీ అనలేదు, ఆ సరుకు అలా వస్తుందని చెప్పా.

కోడంబాక్కం కుర్రాడు · సోమవారం రాత్రి 9.17

అసలు కేంద్రమే అన్ని మందులకీ ధర కట్టేస్తే ఈ షాపుల గోలే ఉండదు కదా?

ఆడిటర్ బాబాయ్ · సోమవారం రాత్రి 10.01

కడుతోంది నాయనా, కట్టే పద్ధతి చూడు. 2013 మందుల ధరల ఆర్డర్ ప్రకారం, అత్యవసర జాబితాలో ఉన్న మందుకి మార్కెట్లో 1 శాతం, అంతకు పైన వాటా ఉన్న బ్రాండ్ల ధరలన్నీ కూడి సగటు తీస్తారు. దానికి 16 శాతం షాపు మార్జిన్ కలిపి అదే పైకప్పు, అంటే గరిష్ఠ ధర, అంటారు. తయారు చెయ్యడానికి ఎంతవుతుందన్నది లెక్కలోకే రాదు. అందరూ ఎక్కువకి అమ్ముతుంటే సగటూ ఎక్కువే వస్తుంది. జాబితాలో లేనివాటికి ఏడాదికి 10 శాతం దాకా పెంచుకునే వీలుంది. కాంబినేషన్ మాత్రలు చాలావరకు జాబితాకి బయటే. జాబితాలో ఉన్నవి టోకు ధరల సూచీతో పాటు పెరుగుతాయి. 2023లో 12.12 శాతం పెంచుకోనిచ్చారు, 2024లో 0.00551 శాతం. ఆ రెండో అంకె చూసి మా ఆఫీసులో అందరం నవ్వుకున్నాం.

మరీ గట్టిగా బిగించినా కుదరదు. 2024 అక్టోబర్‌లో ఎనిమిది పాత మందుల పైకప్పు కేంద్రమే 50 శాతం పెంచింది, ఉబ్బసానికి వాడే సాల్‌బుటమాల్, మానసిక వైద్యంలో వాడే లిథియం వగైరా. గిట్టడం లేదని కంపెనీలు తయారీ మానేస్తాయన్న భయంతో. అందుకే పైకప్పు కట్టడం కంటే రాష్ట్రమే పెద్ద కొనుగోలుదారుగా బేరమాడటం నాకు మేలనిపిస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల జీఎస్టీ 12 నుంచి 5కి దిగింది, లెక్క కడితే ఎమ్మార్పీలో 6.25 శాతం తగ్గాలి. మీ బిల్లులు తీసి చూసుకోండి.

అంబత్తూరు శీను · గురువారం ఉదయం 6.20

అందరికీ థాంక్స్. ఒక పొరపాటు జరిగింది, ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నా.

నిన్న పొద్దున నాన్న బాత్రూంలోంచి వస్తూ గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. దెబ్బ తగల్లేదు. బీపీ చూస్తే 96/58. మా అందరికీ ఒకటే టెన్షన్. పక్కింటి నర్స్ అక్క వచ్చి కాళ్లు ఎత్తిపెట్టి పడుకోబెట్టి, "ఏం మందులు వేసుకున్నారు?" అని డబ్బా తెప్పించింది. నాన్న మందులన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి.

జరిగింది ఇదీ. పాత బీపీ మాత్ర ఒకటే, అందులోనే టెల్మీసార్టాన్, అమ్లోడిపిన్ రెండూ ఉన్నాయి. కొత్తవి రెండు వేరువేరు స్ట్రిప్పులు, పేర్లూ రంగులూ అన్నీ వేరు. నాన్న అవి కొత్త మందులనుకున్నారు. పాతది ఒకటి, కొత్తవి రెండు, కలిపి మూడూ రోజూ వేసుకుంటున్నారు. నాలుగు రోజులు! నేను షాపువాళ్లు రెండేసి కొత్త మాత్రలు ఇస్తున్నారని మురిసిపోయానే గానీ పాత స్ట్రిప్ తీసి దాచలేదు. "నువ్వు చెప్పలేదు కదరా" అన్నారు. నిజమే, చెప్పలేదు.

వెంటనే వాళ్ల డాక్టర్‌కి ఫోన్ చేశాం. ఆ రోజు బీపీ మందులు ఆపమని, సాయంత్రం మళ్లీ చూసి చెప్పమన్నారు. ఇప్పుడు 124/76. బాగున్నారు.

మురళి అన్నా, దొరకని మూడు: షుగర్‌కి ఎంపాగ్లిఫ్లోజిన్ 10, థైరాయిడ్ మాత్ర 50, నరాల బలానికని ఒక క్యాప్సూల్.

డాక్టరమ్మ · గురువారం మధ్యాహ్నం 1.45

హమ్మయ్య, తలకి తగల్లేదు. శీనూ, ఇది నేను క్లినిక్‌లో నెలకి ఒకటైనా చూసే కేసు. మందు మార్చిన రోజే పాత స్ట్రిప్ ఇంట్లోంచి వెళ్లిపోవాలి, అంతే. దాచుకోవాలనిపిస్తే వేరే బీరువాలో పెట్టు.

ఇప్పుడు ఆ మూడింటి సంగతి. థైరాయిడ్ మాత్ర ధర ఎలాగూ తక్కువే, దాన్ని కదపకండి. లీవోథైరాక్సిన్ (అదే ఈ థైరాయిడ్ మందు) విషయంలో ఒకే కంపెనీది కొనసాగించడం మంచిది. మార్చాల్సి వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. మూర్ఛ మందులు, రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్ కూడా అంతే, డాక్టర్‌కి చెప్పకుండా కంపెనీ మార్చకూడదు. మామూలు బీపీ, కొలెస్ట్రాల్ మందులకి ఇంత భయం అక్కర్లేదు.

ఎంపాగ్లిఫ్లోజిన్. ఇక్కడే నాకు ఆశ్చర్యం. దాని మూల పేటెంట్ 2025 మార్చిలో ముగిసింది. అప్పటిదాకా మాత్ర 60 రూపాయల దగ్గర ఉండేది, ఇప్పుడు మన కంపెనీలవి పది రూపాయల చుట్టుపక్కల దొరుకుతున్నాయి. మీకు ఇంకా పాత బ్రాండే రాస్తున్నారా? నెలకి 1,700 పైన అక్కడే పోతోంది. చిల్లర జాగ్రత్తగా ఏరుకుని నోటు వదిలేశారు.

నరాల క్యాప్సూల్: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గే అవకాశం ఉంది, కాబట్టి ఊరికే కొట్టిపారేయను. పరీక్ష చేయించండి. తక్కువుంటే వేసుకోవాలి, సరిగ్గా ఉంటే అడిగి మానెయ్యొచ్చు.

డాక్టర్ దగ్గర గొడవ పెట్టుకోవద్దు. "అసలు మందు పేరు రాసివ్వండి సార్" అని అడగండి, చాలు. డాక్టర్లంతా జెనరిక్ పేరే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ మెడికల్ కమిషన్ నిబంధన తెచ్చింది. మా వాళ్లు గోల చేస్తే అదే నెలలో పక్కన పెట్టేసింది. నాణ్యతకి ఎవరు పూచీ అన్న మా వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. రెప్‌లు రారేమోనన్న దిగులు కూడా కొందరిలో ఉంది, అబద్ధమెందుకు!

నిర్వాహకుడు · గురువారం సాయంత్రం 4.00

దయచేసి చీటీల ఫొటోలు పెట్టకండి. నిన్న ఒకరు పేరు, ఫోన్ నంబరుతో సహా పెట్టారు, తీసేశాం. డోసుల మార్పులు ఇక్కడ అడిగి చేసుకోకండి. డాక్టరమ్మగారు ఓపికగా చెబుతున్నారు గానీ వారు మీ పేషెంట్‌ని చూడలేదు.

రాయపురం రమణమ్మ · గురువారం రాత్రి 7.55

శీనూ, నాన్న జాగ్రత్త. నాకొచ్చే అమ్మాయి పొద్దుటి మాత్ర స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో సూర్యుడి బొమ్మ, రాత్రి దాని మీద చంద్రుడి బొమ్మ గీసి ఇస్తుంది. చదవక్కర్లేదు.

అంబత్తూరు శీను · శనివారం రాత్రి 9.05, రెండు వారాల తర్వాత

అప్‌డేట్. నాన్నని తీసుకుని వాళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అసలు పేర్లు రాయమంటే మొదట కాస్త ముఖం ముడుచుకున్నారు. "ఏ కంపెనీదో తెలియని మందుకి నేను బాధ్యుణ్ణి కాను" అన్నారు. నేను మాట్లాడేలోపే నాన్న జేబులోంచి బిల్లు తీసి టేబుల్ మీద పెట్టి, "సార్, నా చేతికొచ్చేదంతా కలిపితే ఇంతకంటే కొంచెం ఎక్కువ" అన్నారు. ఆయన ఆ బిల్లు తీసుకుని చాలాసేపు చూశారు. తను రాసేవి మొత్తం ఎంతవుతాయో ఆయనకి నిజంగానే తెలియదనుకుంటా. తర్వాత కొత్త చీటీ తీసి పెద్దక్షరాల్లో అన్నీ అసలు పేర్లతో రాశారు. ఎంపాగ్లిఫ్లోజిన్‌కి తను నమ్మే మూడు మన కంపెనీల పేర్లు పక్కన రాసి ఇందులో ఏదైనా సరే అన్నారు. బీ12 సరిగ్గానే ఉంది, క్యాప్సూల్ కొట్టేశారు.

ఆడిటర్ బాబాయ్ కోసం లెక్క. మొదట 3,680. మరుందగం తర్వాత 2,620. ఎంపాగ్లిఫ్లోజిన్ 1,750 నుంచి 300కి వచ్చింది, క్యాప్సూల్ 390 పోయింది. ఇప్పుడు 780.

ఆడిటర్ బాబాయ్ · శనివారం రాత్రి 9.30

సరిచూశాను, కుదిరింది. షాపు మారిస్తే మిగిలింది 1,060, డాక్టర్ పెన్ను మారిస్తే మిగిలింది 1,840. వెయ్యి షాపులు తెరిచిన ప్రభుత్వం ఆ పెన్ను జోలికి ఎప్పుడు వెళుతుందో.

వడపళని మెడికల్స్ · శనివారం రాత్రి 9.52

అసలు పేర్లతో చీటీ వస్తే నేనూ జెనరిక్ పెడతా, ఎవరొద్దన్నారు? ఇవాళ కూడా ఇరవై చీటీల్లో ఒక్కటి చూడలేదు.

కోడంబాక్కం కుర్రాడు · శనివారం రాత్రి 10.10

మా అమ్మ చీటీ తీసుకుని రేపు మరుందగానికి వెళ్తున్నా. సాంబార్ వాసన చూసి చెబుతా.

అంబత్తూరు శీను · మంగళవారం సాయంత్రం 6.40

చిన్న సాయం. అంబత్తూరు ఓటీ బస్టాండు దగ్గర మరుందగంలో అమ్లోడిపిన్ 5 ఈ వారం లేదట, శుక్రవారం వస్తుందంటున్నారు. నాన్నకి రేపటికే ఉంది. "బస్సు ఆగిపోయింది చూశావా" అని పొద్దుటి నుంచి ఒకటే నవ్వు. పాడి, కొరట్టూరు వైపు ఎవరైనా ఉన్నారా?

ఫార్మా మురళి · మంగళవారం సాయంత్రం 7.05

పాడిలో ఉంది, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. మూడు స్ట్రిప్పులే మిగిలాయట. నీ పేరు చెప్పి తీసిపెట్టమన్నాను. షాపు మూసేలోపు వెళ్లు, చీటీ మర్చిపోకు.

అంబత్తూరు శీను · మంగళవారం సాయంత్రం 7.08

బయల్దేరా అన్నా. నాన్న కూడా వస్తానంటున్నారు, స్కూటర్ ఎక్కేశారు.